గీత దగ్గరకొచ్చి తీసుకెళ్ళండి

పొద్దున్నే రొట్టెలకని బయలుదేరిన మా మెరెయానా అత్త, దారిలో ఎక్కడ సైకిల్ ఆనించి కనబడినా ఆగి, బొటనవేలితో దాని టైరు నొక్కి చూస్తుంది. ఆ తర్వాతే సైకిల్ గలవాళ్ళను పలకరిస్తుంది.

"గాలి తగ్గింది. నీకు ఒంట్లో ఎలా ఉంది?"

రారోటొంగా దీవిలో అత్తకంటే వేగంగా సైకిల్ తొక్కగల ఆడవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారేమో. సొంత సైకిలన్నది లేకుండా పందేలు తొక్కడంలో మాత్రం ఆమెకు పోటీ లేదు. ఇంతకాలంలో ఆమె కొన్నవి సైకిల్ పంపు ఒకటి, నూనె డబ్బా ఒకటి.

"ఒకటి కొనుక్కోరాదూ?" అని మా అమ్మ విసుక్కునేది.

"కొంటే ఒకటే ఉంటుంది వదినా. అడిగితే దీవిలో ఉన్నవన్నీ నావే."

అరువు తెచ్చే సైకిల్‌నిబట్టి అత్త పందేలకు పేర్లుండేవి. పాస్టర్‌గారి సైకిల్ ఏడాది అంటే ఇప్పటికీ అందరికీ గుర్తే. పక్క దీవి మంగాయా నుంచి అప్పుడే బదిలీ అయి వచ్చిన పాస్టర్‌గారి సైకిలుకి గుడి గంటంత గంట ఉండేది. గతుకు తగిలితే చాలు, దానంతటదే మోగేది. మాటావేరా దగ్గర ముందున్న నలుగురూ వెనక పాస్టర్‌గారే వస్తున్నారనుకుని పక్కకు తప్పుకుని దణ్ణం పెట్టారు. అత్త నలుగురినీ దాటేసి మూడో స్థానంలో వచ్చింది.

ఇంకో ఏడాది ఆసుపత్రికి ఫిజీ నుంచి కొత్తగా వచ్చిన నర్సమ్మ సైకిల్. ముందు బుట్టలో నర్సమ్మ మధ్యాహ్నం టిఫిను అలాగే ఉండిపోయింది. మురి మలుపు దగ్గర మూత ఊడి కూర అత్త మొహాన పడింది. "ఉప్పు చాలలేదు" అంటూ రెండో స్థానంలో వచ్చింది.

అరువడగడంలో ఆమెకు సిగ్గు లేదు, తిరిగివ్వడంలో మర్యాద లేదు. సైకిలుకి నూనె వేసేది, బ్రేకులు సరిచేసేది, మడ్‌గార్డు మెరిసేలా తుడిచేది. అంతవరకూ బాగానే ఉండేది. ఇంటికి మాత్రం ఛస్తే తెచ్చిచ్చేది కాదు.

"అవారువాలో గీత దగ్గరకొచ్చి తీసుకెళ్ళండి" అనేది, పందెం ముగిసే గీతను తన వరండా అనుకున్నట్టు.

"తీసుకున్నది నువ్వు. నడిచిపోయి తెచ్చుకోవాల్సింది మేమా?" అని జనం తిట్టుకునేవాళ్ళు. తిట్టుకుంటూనే వెళ్ళేవాళ్ళు. వెళ్ళాక మైకాయన ఊరుకునేవాడు కాదు. పందెంలో వచ్చినవాళ్ళ పేరుతోపాటు సైకిల్ ఎవరిదో కూడా అరిచి చెప్పేవాడు. ఎవరో ఒకరు పూలదండ తెచ్చి సైకిల్ యజమాని మెడలో వేసేవాళ్ళు. అత్త పొగరు చూడమనేది మా అమ్మ. నేనూ అలాగే అనుకునేదాన్ని.

అత్తకు నలభై ఆరు నిండిన ఏడాది ఆక్లండ్‌లో ఉన్న మా పెదనాన్న ఓడలో ఒక పెట్టె పంపాడు. విప్పితే ఎర్రటి పందెం సైకిల్. చిటికెన వేలితో ఎత్తొచ్చు. అప్పటికి వరసగా మూడేళ్ళు దీవి చుట్టుపందెంలో రెండో స్థానంలోనే వచ్చింది అత్త. మూడుసార్లూ గెలిచింది విమానాశ్రయంలో పనిచేసే ఇనా అనే అమ్మాయే. ఇరవై రెండేళ్ళ పిల్ల, లేడికూనలా తొక్కుతుంది. అత్త మోకాళ్ళు అప్పటికే మెట్లెక్కుతుంటే కిర్రుమంటున్నాయి. ఇక గెలిస్తే ఈ ఏడాదే గెలవాలని ఇంటిల్లిపాదికీ తెలుసు. అత్త కూడా సైకిల్ చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఈసారి గెలవాలనుంది వదినా" అంది. ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు.

వారం తిరక్కముందే అత్త తమారువా తాత ఇంటికి బయలుదేరింది. నన్ను పంపు పట్టుకుని రమ్మంది.

తాత ఒకప్పటి ఛాంపియన్. మోకాలి ఆపరేషన్ అయ్యాక చేతికర్ర వచ్చింది. కర్రతో జనం కంటపడటం ఇష్టం లేక కుర్చీని పెరట్లో కొండవైపు తిప్పేసుకున్నాడు. ఎవరైనా వస్తే నిద్రపోయినట్టు నటించేవాడు. ఆయన ఆకుపచ్చ సైకిల్ పడకగదిలో ఉండేది, పూల దుప్పటి కప్పుకుని. తాత మాత్రం చిరుగుల దుప్పటి కప్పుకునేవాడు.

"తాతా, సైకిలివ్వు."

తాత గురక పెట్టాడు.

"గురక పెట్టేవాడికి కనురెప్పలు కదలవు. ఇవ్వు."

"నీకు కొత్తది వచ్చిందటగా!"

"వచ్చింది. ఇది కావాలి."

"ప్రాణం అడుగు, ఇస్తాను."

"ప్రాణానికి గేర్లు లేవు తాతా."

"ఇవ్వనన్నానా! ఫో!"

"సరేలే, పడుకోనీ. పాపం, ముసలిదైపోయింది. టిటికవేకా ఎత్తు కూడా ఎక్కలేదు."

తాత కుర్చీలో నిటారుగా లేచాడు. "ఎవరే ముసలిది? తీసుకెళ్ళు! ఎక్కుతుందో లేదో చూడు! రంగు మీద గీత పడిందో, చంపేస్తాను. పందెం రోజు రాత్రికి తెచ్చి ఇక్కడ పెట్టు."

"తేను. గీత దగ్గరకొచ్చి తీసుకెళ్ళు."

"నేను రాను!"

"అయితే సైకిల్ అక్కడే తుప్పు పడుతుంది" అని అత్త సైకిల్ బయటికి తెచ్చి, దాని పూల దుప్పటి మడతపెట్టి ఆయన ఒళ్ళో వేసింది.

దారిలో అడిగాను. "అత్తా, కొత్తది పెట్టుకుని ఈ ఇనపముక్క మీద గెలుస్తావా?"

"కొత్తదాని కోసం గీత దగ్గరికి ఎవరొస్తారే? ఆక్లండ్ నుంచి మీ పెదనాన్న వస్తాడా?"

"గెలవాలనుందన్నావుగా!"

"ఉంది" అంది అత్త. ఆగి టైరు నొక్కి చూసి, నా చేతిలోంచి పంపు అందుకుంది.

పందెం రోజు ఎర్ర సైకిల్ మీద ఇనా కనబడింది. ఆమె సైకిల్ రెండు రోజుల కిందట విరిగిందట. అత్తే వెళ్ళి తనది ఇచ్చి వచ్చిందట. మా అమ్మ నెత్తి కొట్టుకుని ఇసకలో కూలబడింది.

అయినా అత్త తొక్కింది చూడండీ! టిటికవేకా ఎత్తులో అందరినీ వదిలించుకుని ఇనా పక్కకు చేరింది. అరోరంగి దాకా ఇద్దరూ సరిసమానం. అక్కడ వెనకనుంచి ఒక స్కూటరు వచ్చింది. నడిపేది పొరుగింటాయన. వెనక కూర్చుని చేతికర్ర గాల్లో ఊపుతూ అరిచేది తమారువా తాత.

"ఇప్పుడు కాదే గేరు! వంతెన దాటాక! వంతెన దాటాకే గాడిదా!"

అత్త వెనక్కి తిరిగి చూసింది. అదే ఆమె చేసిన తప్పు. ఆకుపచ్చ సైకిల్ చెయిన్ ఒక్క క్షణం జారింది. ఆ క్షణంలో ఇనా వంతెన మీదుంది.

గీత దగ్గర మైకాయన గొంతు చించుకున్నాడు. "మొదటి స్థానం ఇనా, మెరెయానా సైకిల్ మీద! రెండో స్థానం మెరెయానా, తమారువా సైకిల్ మీద!"

తాత జనంలోంచి కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. కర్రను ఎవరూ చూడలేదు, అందరి కళ్ళూ ఆ పాత సైకిల్ మీదే. పాతికమంది చుట్టుముట్టి, ఏ ఏడాదిది, గేర్లెన్ని, టైర్లెక్కడివి అని ప్రశ్నలు కురిపించారు. దండలు చెవులదాకా పడ్డాయి. వాటి సందులోంచి తాత తిడుతూనే ఉన్నాడు.

"గెలిచే పందెం! వెనక్కెందుకు చూశావే దద్దమ్మా?"

"నువ్వొచ్చావో లేదోనని."

తాత దండలు సర్దుకున్నాడు. "వచ్చే ఏడాది చెయిన్ మార్చి ఇస్తాను" అన్నాడు.

పాస్టర్‌గారు, నర్సమ్మ అప్పటికి గుంపులో అందరితో కలిసి నవ్వుతున్నారు. మైకాయన వాళ్ళ పేర్లు అరిచిన రోజుకు ముందు వాళ్ళెవరో ఈ దీవిలో ఎందరికి తెలుసు? ఆ మాటే మా అమ్మతో అన్నాను. అమ్మ అత్తవైపు చూసి, "అయినా మొండిదే" అంది.

అత్త ఇప్పుడు బడి వంటశాలలో పనిచేస్తోంది, పనికి నడిచే వెళ్తుంది. ఎర్ర సైకిల్ ఇంకా ఇనా దగ్గరే ఉంది.