సాకేత్ ఆఫీసులో మా ఉమ్మడి తెర

మొన్న ఆదివారం మా అమ్మాయి తన ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, కోడ్ రాసే తెర మీద రంగులన్నీ పీకేసి రెండే మిగిల్చిన కొత్త థీమ్ చూపించి, "దీన్ని మినిమల్ అంటారు పాపా, ఆప్‌కో నహీ పతా హోగా" అంది. నాన్నకు తెలిసుండదట! నాకు నవ్వొచ్చింది, కాస్త ఒళ్ళూ మండింది. ఆ విద్య మేము ఇరవై ఏళ్ళ కిందటే, గత్యంతరం లేక నేర్చుకున్నాం.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. దేశ రాజధానిలో సాకేత్ అనే పేటలో ఉన్న మా చిన్న కంపెనీలో మనుషుల కంటే కంప్యూటర్లు తక్కువ కావడంతో ఒక్కో సీటు ఇద్దరికి, ఆ ఇద్దరికీ ఒకటే లాగిన్. పొద్దుటి షిఫ్టు కాకినాడ నుంచి వచ్చిన నాది, మధ్యాహ్నం షిఫ్టు ఒక వరంగల్ అమ్మాయిది. ఆ అమ్మాయే తర్వాత మా ఆవిడ అయింది లెండి. తెర తెల్లగా ఉంటే నా కళ్ళు నీరు కారేవి, నల్లటి తెర మీద ఎరుపూ పసుపూ అక్షరాలు మెరిస్తే తనకు తల పగిలిపోయేది. నేను నలుపు చేసి వెళ్ళడం, తను తెలుపు చేసి వెళ్ళడం, ఎవరి షిఫ్టులో వాళ్ళం రెండోవాళ్ళను తిట్టుకోవడం. ఆ మార్పుల్లో సెట్టింగులు పాడై ఒకరోజు సగం పూట పని ఆగిపోయేసరికి, మేనేజరు విసుగెత్తి, మీరిద్దరూ ఒక మాట మీదికి రాకపోతే ఆ అమ్మాయిని నోయిడాలో రాత్రి షిఫ్టుకు పంపిస్తానన్నాడు. రాత్రి షిఫ్టంటే వాళ్ళ నాన్న వచ్చి ఊరికి తీసుకుపోతాడనీ, ఉద్యోగం అక్కడితో సరి అనీ ఆఫీసులో తెలుగువాళ్ళందరికీ తెలుసు. నాకు నిజంగానే భయం వేసింది.

ఆ మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ నేను లేవకుండా ఇంకో కుర్చీ లాగి, పక్కన కూర్చోమని, ఏ రంగు పడదో చెబితే తీసేస్తానన్నాను. "ఫస్ట్ ఆ ఎర్రది తీసెయ్యండి, తలకాయ నొస్తది" అంది. ఎరుపు తీశాం, పసుపు తీశాం, నా కళ్ళ కోసం తెలుపు తీశాం. చివరికి బూడిదరంగు తెర, పలచటి మజ్జిగలాంటి అక్షరాలు, అక్కడక్కడా కాస్త నీలం మిగిలాయి. పక్క సీటు పంజాబీ కుర్రాడు టీవీ ఖరాబ్ హో గయా క్యా భయ్యా అని, రంగులు పోయి పాడైన టీవీతో పోల్చి ఆటపట్టించాడు గానీ, మేనేజరు ఒకసారి చూసి ఠీక్ హై అనేసి వెళ్ళిపోయాడు. తను నోయిడా వెళ్ళలేదు. ఆ ఆఫీసులో ఉన్నంతకాలం ఆ రంగుల్ని ఇద్దరిలో ఎవరమూ ముట్టుకోలేదు.

ఇప్పుడు గుర్‌గావ్‌లో మా ఇంట్లో మనిషికో గది, గదికో తెర, ఎవరికి నచ్చిన రంగు వాళ్ళు పెట్టుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. సుఖమే, కాదనను. ఒకప్పుడు ఏ రంగు చూస్తే మా ఆవిడకు తల నొస్తుందో నాకు కంఠతా వచ్చేది. ఇవాళ పక్క గదిలో తన తెర ఏ రంగులో ఉందో నాకు తెలియదు.