ఐలమ్మ దాచిన పేరు

ఐలమ్మ నోట్లో నువ్వుగింజ నానదని సూరత్ లింబాయత్‌లోని ఆ తెలుగు నేతవాళ్ల గల్లీ అంతా నవ్వేది. అలాంటి మనిషిని టీబీ రోగులకు సాయపడే గల్లీ కమిటీలో చేర్చుకున్నారంటే ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. అయితే రెండేళ్లలో ఆమె ఒక్క రోగి పేరూ బయటపెట్టలేదు. వాళ్ల ఇళ్లకు పప్పు, పల్లీలు మోసింది. మాత్ర మింగేదాకా ఎదురుగా కూర్చుంది. వాళ్లు దవాఖానకు పోతే పిల్లలకు అన్నం పెట్టింది. రోగి ఒప్పుకోనిదే పేరు చెప్పకూడదన్నది కమిటీ కట్టుబాటు.

ఇప్పుడా కట్టుబాటే ఆమె గొంతుకు అడ్డం పడింది. కొత్త రోగి నరహరి. ఆమె భర్త పరుశురాం రాత్రి షిఫ్టులో నడిపే మరమగ్గాలనే పగలు నడిపేది అతనే. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త దారపు కండె పెట్టినప్పుడల్లా, దాని చిన్న కన్నంలోంచి దారాన్ని నోటితో పీల్చి లాగడం ఆ పాత మగ్గాల మీద అందరికీ అలవాటు. పొద్దంతా నరహరి పెదవులు తాకిన నాడెనే రాత్రంతా పరుశురాం నోట పెట్టుకుంటాడు.

దగ్గినప్పుడు గాలిలోంచి అంటుకునే జబ్బని డాక్టరమ్మ చెప్పింది. అయినా ఐలమ్మ భయమంతా ఆ నాడె మీదే. పరుశురాంకు పొలమారినా ఆమె చేతిలో పని ఆపి అతని వైపే చూసేది. పోనీ పరీక్ష చేయించుకోమందామంటే, ఎందుకని అడుగుతాడు. చివరికి ఒక సన్నని తీగను వంచి కొక్కెం చేసి ఇచ్చింది.

"దారం నోటితోని గుంజకు. దీంతోని గుంజు."

"ఏందే, గిప్పుడు నాకు పని నేర్పుతవా? ఇరవై ఏండ్ల సంది గిట్లనే గుంజుతున్న. దీన్ని పట్టుకొని కూసుంటే మగ్గాలు బంద్ పడ్తయ్," అని నవ్వి, కొక్కేన్ని అక్కడే పడేసి పనికి పోయాడు.

నరహరి జబ్బు సంగతి తెలిసిన పన్నెండో రోజు ఇక ఉండబట్టలేక ఐలమ్మ నరహరి ఇంటికి వెళ్లింది.

"మరిదీ, నీ కాళ్లు మొక్కుత. మా ఆయనకు నువ్వే చెప్పు. ఆయన టీబీ పరీక్ష చేయించుకోవాలె."

నరహరి ముఖం పాలిపోయింది. "మగ్గాల సేఠ్‌కు తెలిస్తే పని పోతది వదినా. పిల్లలేం తినాలె?"

"రేషన్ మా కమిటీ ఇస్తది. సేఠ్‌తోని మేం మాట్లాడుతం. ఆయన మా మాట ఇంటడో లేదో, అది మాత్రం నాకు తెల్వదు."

ఉత్తమాట చెప్పి అతన్ని ఒప్పించడం ఆమెకు ఇష్టం లేకపోయింది. నరహరి సరేనన్నట్టు తలూపాడు.

ఆ సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు అతను పరుశురాంకు చెప్పేశాడు. మర్నాడు పొద్దున పరుశురాం వచ్చి చెప్పులు విడవకుండానే గడపలో నిలబడ్డాడు. నరహరిని తిడతాడేమోనని ఐలమ్మ భయపడింది.

"పాపం, వాడు ఏడ్సిండే," అన్నాడు పరుశురాం. "వాని మీద నాకు కోపం లేదు. నీకు పన్నెండు దినాల సంది ఎరుకేనట గదా?"

కమిటీ మాట దాటలేదన్న ఆమె గర్వం కాస్తా ఆ ముఖం చూడగానే చచ్చిపోయింది.

"రోజూ అన్నం డబ్బా కట్టిచ్చి పనికి తోలిచ్చినవ్. ఎట్ల మనసొప్పిందే నీకు?"

"ఇయ్యాల్నే దవాఖానకు పోదాం. నేనూ వస్త," అంది చెంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"వద్దు. నేనొక్కన్నే పోత," అని పరుశురాం వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.