వాటర్ పంపు వచ్చిన సాయంత్రం

పెద్ద రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా కార్లు బాగుచేసే పెద్దాయన అసలు పేరేమిటో ఊళ్లో చాలామందికి తెలియదు. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి అందరికీ పానా మావయ్యే. నోరు తెరిస్తే విసుగు, చెయ్యి పెడితే పని. తన దగ్గరికొచ్చిన బండి అనవసరంగా ఒక్క పూట కూడా ఆగలేదని గొప్పలు చెప్పుకునేవాడు. ఆ గొప్ప నిజమే. పిల్లలు లేరు. భార్య పోయిన ఈ నాలుగేళ్లలో ఇంజన్లతో తప్ప ఎవరితోనూ తీరిగ్గా మాట్లాడింది లేదు.

మంగళవారం ఉదయం ఆవిర్లు కక్కుతూ ఒక కారు వచ్చి ఆగింది. భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు. వాటర్ పంపు పోయింది. కొత్తది సాయంత్రం బస్సులో తెప్పిస్తానన్నాడు.

"కాస్త తొందరగా చూడండి బాబాయ్, పుట్టింటికి వెళ్తున్నాం" అందామె.

పుట్టింటికి అంటే ఏ ఆడపిల్లకి తొందరుండదు? మావయ్య ముసిముసిగా నవ్వుకున్నాడు. ఏం పని మీద అని అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

ఎదురుగా లాడ్జిలో గది తీసుకున్నారు గానీ పిల్లలు షెడ్డు వదిలితే కదా! చిన్నది నట్లన్నీ సైజుల వారీగా డబ్బాల్లో సర్దింది. పెద్దది చేతులనిండా గ్రీజు పూసుకుని, రంపపు పొట్టుతో దాన్నెలా వదిలించుకోవాలో నేర్చుకుంది. "తాతయ్యా, ఇదేంటి? తాతయ్యా, అదేంటి?" ఆయన్ని అలా పిలిచినవాళ్లు అంతవరకు లేరు. ముసలాడికి ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం బస్సుకి పంపు వచ్చింది. బిగిస్తే గంటన్నర పని. చీకటి పడేలోపు వెళ్లిపోతారు. మావయ్య పార్సిల్‌ని గోనెపట్టా కింద తోసేసి, "ఈ బస్సుకి రాలేదమ్మా, రేపు పొద్దున వస్తుంది" అన్నాడు. ఆమె ముఖం వాడిపోయింది. ఒక్క రోజేగా, పుట్టిల్లు ఎక్కడికి పోతుంది అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. సిగ్గులేని పని. అయినా ఆయన మీద జాలి పడకుండా ఉండలేను.

మర్నాడు పది గంటలకి కారు సిద్ధమైంది. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు.

"చిన్న ఊరైనా మంచి మనుషులున్నారండీ. ఎక్కడికెళ్లినా చెప్పుకుంటాం" అన్నాడు భర్త.

"మేం చూసిన ఊళ్లన్నిట్లో ఇదే ఫస్టు" అని చిన్నది తేల్చేసింది. మావయ్యకి కడుపు నిండిపోయింది.

అప్పుడే ఆమె ఫోను మోగింది. విని, కారుకి చెయ్యి ఆనించి అలాగే కూలబడిపోయింది.

"నాన్న... ఇప్పుడేనట. రాత్రంతా నేనొచ్చానా అని అడుగుతూనే ఉన్నాడట."

నెల రోజులుగా మంచంలో ఉన్న మనిషి. డాక్టర్లు ఆశ వదులుకోమన్నాకే వీళ్లు బయల్దేరారు. భర్త చెబుతుంటే మావయ్య గోనెపట్టా వైపు చూశాడు.

"అమ్మా, ఆ పంపు..." అని నోరు తెరిచాడు.

"నిన్నటి బస్సుకే వచ్చుంటే బాగుండేది. నా రాత, మీరేం చేస్తారు బాబాయ్." ఆమె ఆయన చేతులు రెండూ పట్టుకుంది. "మీరు మాత్రం సొంత మనిషిలా చూసుకున్నారు."

చెబితే ఆమె తట్టుకోలేదని ఊరుకున్నాడో, తనే తట్టుకోలేననుకున్నాడో ఆయనకే తెలియదు.

కారు కదిలింది. చిన్నది కిటికీలోంచి చెయ్యి ఊపుతూ అరిచింది. "ఈసారి కారు చెడిపోకపోయినా వస్తాం తాతయ్యా!"

"రావద్దు తల్లీ" అన్నాడు మావయ్య. కారు చప్పుడులో ఆ మాట ఎవరికీ వినపడలేదు.