తడి సిమెంటు మీద పేరు

మొన్న మా ఇంటి గడపకు తాపీమేస్త్రి సిమెంటు పూస్తుంటే ఆ పచ్చి వాసనకు నా చేతిలో పని ఆగిపోయింది. అందరికీ ఆ వాసనతో కొత్త ఇల్లు గుర్తొస్తుందేమో, నాకు సమాధులు గుర్తొస్తాయి. వాటి వెనకే మా జకరయ్య అయ్యగారు.

మాది మణుగూరు నుంచి పినపాక వెళ్ళే దారిలో చిన్న ఊరు. ఆయన పాతికేళ్ళు బొగ్గుబాయిలో పనిచేసి, ఆ తర్వాత మా చర్చికి పాస్టరయ్యారు. ఎవరు పోయినా సమాధుల తోటలో వరుస ప్రకారం తర్వాతి చోటులోనే పెట్టించి, సమాధి మీద పూసిన సిమెంటు ఆరకముందే మేకుతో పేరు గీయించేవారు. నా దస్తూరీ బాగుంటుందని పదో తరగతిలోనే ఆ మేకు నా చేతికిచ్చారు. చదువురాని వాళ్ళు గుర్తుపట్టడానికి, పోయిన మనిషి వస్తువొకటి ఆ తడిలో అదిమేవారు. గాజు ముక్కో, బొత్తామో, బాయి పనివాళ్ళయితే హాజరు బిళ్ళో.

"గిదెక్కడి పద్ధతి అయ్యగారూ?" అని ఒకసారి అడిగాను.

"రోమ్ పట్నంలది బిడ్డా. మొదటి విశ్వాసులు పట్నం కింద సొరంగాలు తవ్వి, గోడలల్ల అరలు చేసి పీనుగులను పెట్టేటోళ్ళు. అర మూసిన సున్నం తడిమీద గిట్లనే గుర్తు పెట్టేది. బిషప్పులను గూడ కూలోళ్ళున్న గా సొరంగాలల్లనే పెట్టిండ్రు. బాయిల దిగినోనికి ఎర్కనే. కింద పెద్ద, చిన్న ఉండదు. అందరి మీద ఒక్కటే కప్పు."

ఆఖరి రోజుల్లో దవాఖానాలో నన్ను దగ్గరికి పిలిచి కళ్ళద్దాలు తీసి నా చేతిలో పెట్టారు. "సంఘపెద్దలు నన్ను చర్చి ముంగట పెడ్తమంటరు. వద్దు. వరుసల నా వంతు ఏడొస్తే ఆడనే. గీ అద్దం ఒక్కటి గుర్తు పెట్టు, చాలు. నువ్వే చెప్పాలె బిడ్డా."

"అట్లనే అయ్యగారూ" అన్నాను.

ఆయన పోయిన రోజు సంఘపెద్దల ముందు లేచి నిలబడ్డాను కూడా. "అయ్యగారు వరుసల పెట్టమన్నరు" అన్నాను. ఒక పెద్దాయన ఏడుస్తూ, "మనల్ని సాకిన మనిషికి గా మాత్రం మర్యాద చెయ్యొద్దా తల్లీ?" అన్నాడు. కోపంతో అని ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. ఆ కన్నీళ్ళ ముందు కూర్చుండిపోయాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను. చర్చి ముందు నల్లరాతి సమాధి కట్టించారు. మెషిన్‌తో చెక్కిన అక్షరాలు, మేకుతో పనే లేకపోయింది.

ఆయన వంతు చోటులో నెల తిరక్కుండా చర్చి ఊడ్చే మరియమ్మను పెట్టారు. ఆమె పేరు నేనే గీశాను. అక్షరాలు వంకర పోయాయి. ఆ కళ్ళద్దాలు నా బీరువాలో అలాగే ఉన్నాయి. చీర తీసినప్పుడల్లా చేతికి తగులుతాయి, నాకు సిగ్గేస్తుంది.

మేస్త్రి వెళ్ళాక, గడప ముందు ఇసుక ఊడుస్తున్న నా కూతురితో, "నేను పోతే వరుసలోనే పెట్టించు, పేరు నువ్వే గీయి" అన్నాను.

"అట్లనే అమ్మా" అంది చీపురు ఆపకుండానే.

నేనూ ఆయనతో ఆ మాటే అన్నాను.