పచ్చడి సీసా పక్కన మందు

మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీ రెండో ఏడాది సెలవులకు హైదరాబాద్ వెళ్తుంటే, అక్కడి క్లేటన్‌లో నాతో ఒకే ఇంట్లో అద్దెకుండే గుంటూరు అక్క తన హాస్పిటల్ రిపోర్టులు నా ఫోన్‌కి పంపింది. రొమ్ములో గడ్డ. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా పిన్ని డాక్టరు కాబట్టి అడిగి రమ్మంది.

"చూపించాక తీసెయ్యవే. ఎయిర్‌పోర్టులో ఒక్కోసారి ఫోన్లు కూడా చూస్తారంట."

"నా ఫోన్ ఎవడు చూస్తాడక్కా? నా వేలు పెడితే తప్ప ఓపెన్ అవ్వదు."

పిన్ని రిపోర్టులు చూసి, భయపడక్కర్లేదనిపిస్తోంది కానీ మరోసారి స్కాన్ చేయించమంది. "తీసేశావా?" అని అక్క మెసేజ్ పెడితే "డన్ అక్కా" అని కొట్టాను. తీసెయ్యడానికి తీరికేదీ? రోజంతా ఫోన్ చేతిలోనే ఉండేది, పాపం.

మెల్‌బోర్న్‌లో దిగిన ఉదయం, నా బ్యాగులోంచి ఒక పొడి పొట్లం తీసి ఇదేమిటన్నాడు ఆఫీసరు. దగ్గుకి అన్నాను. ఏమేం కలిపారన్నాడు. చేసింది అమ్మ, నాకేం తెలుసు? ఒళ్లు మండింది. "మా అమ్మ మెసేజ్ ఉంది, మీరే చదువుకోండి" అని ఫోన్ తెరిచి, అనువాదం నొక్కి, నా చేత్తో నేనే ఆయనకిచ్చాను. వేలు నాదే కదా, తాళం భేషుగ్గా పనిచేసింది.

అమ్మ రాసింది ఇంతే: "మందు పచ్చడి సీసా పక్కన దాచా. ఎవరికీ ఇవ్వకు."

ఇంగ్లీషులోకి వెళ్లేసరికి మందు డ్రగ్ అయింది. దాచడం దొంగచాటుగా దాచడమైంది. రెండు వాక్యాల్లో మా అమ్మ స్మగ్లరైపోయింది. నేనూరుకుంటానా? మా భాషలో దగ్గుమందు, తాగే మందు, తుపాకిమందు, అన్నీ మందులేనని వివరించాను. తుపాకి దాకా వెళ్లకుండా ఉండాల్సింది.

పాస్‌కోడ్ రాయించుకుని, పొడినీ ఫోన్‌నీ లోపలికి తీసుకెళ్లారు. చాలాసేపటికి పొడి శొంఠీ మిరియాలే అని తేలింది. ఆఫీసరు ఎంతో మర్యాదగా ఇంకో ప్రశ్న వేశాడు: ఈ మెడికల్ రిపోర్టులు ఎవరివి, ఈ పొడి ఆమె కోసమా? రిపోర్టు మీదున్న అక్క పేరు పైకి చదివాడు. తప్పు పలికాడు. నేనే సరిదిద్దాను.

ఇంటికొచ్చి పిన్ని మాట చెప్పాను. తర్వాత ఇదీ చెప్పాను.

"డన్ అన్నావ్ కదే."

"వాడిమీద కంప్లైంట్ పెడదాం అక్కా! వాడికేం హక్కుంది?"

"పెట్టు. అందులోనూ నా పేరు రాయాలిగా. మా అమ్మకే చెప్పలేదే నేను."

స్కాన్‌కి తోడొస్తానన్నాను. యూనివర్సిటీలో ఇంకెవరినో అడిగానంది.