ఎడమ వెనక డోరు

మా మేనత్తకు కోపం వస్తే ఇంట్లో తలుపులు మెల్లగా పడతాయి. అందరిళ్లలో కోపానికి తలుపులు దబదబలాడితే మా ఇంట్లో అంతా తిరగేసిన వ్యవహారం. ఇరవై ఆరేళ్లు దేశపు కార్ల ఫ్యాక్టరీలో డోర్లు బిగించిన మనిషి ఆవిడ. తలుపును విసిరికొట్టేవాడు మనిషిని కొట్టడానికైనా వెనకాడడని ఆవిడ నమ్మకం. వీధి వీధంతా ఆవిడను డోర్లత్త అనేవాళ్లు. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు, తర్వాత మర్యాదగా అన్నారు, ఫ్యాక్టరీ మూతపడ్డాక జాలిగా అన్నారు. ఆ మూడోదే ఆవిడకు మండేది.

విదేశీ కార్లు వచ్చాక మన కారును ఆడిపోసుకోవడం ఒక ఫ్యాషన్ అయింది. “మన కారు కొంటే గొడుగు కూడా ఇవ్వాలయ్యా, లోపల కూర్చుని వేసుకోవడానికి” అనేవాళ్లు. అన్నవాళ్లలో సగం మంది ఇళ్లలో ఆడవాళ్లను పురిటికి ఆసుపత్రికి మోసుకెళ్లింది ఆ కారే. చివరి రోజు మేనేజరు గేటు దగ్గర కుర్చీ ఎక్కి మూసివేత నివేదిక చదివాడు. అందులో ఒక ముక్క అత్త గుండెలో దిగబడింది. బయటి దేశాల్లో ఒక కారుకు డోర్లు బిగించడానికి నాలుగు నిమిషాలట, మన దగ్గర పంతొమ్మిదట. అంటే మనవాళ్లకు చేతకాదని చెప్పడమే కదా! అత్త నేరుగా ఇంటికొచ్చింది. డోర్లు బిగించేటప్పుడు వాడే, తోలు చుట్టిన తన పనిచెక్కను వంటింటి తలుపు కింద అడ్డంగా తన్ని పెట్టింది. లాండ్రీలో ఇస్త్రీ పనికి చేరిపోయింది. ఎనిమిదేళ్లు ఇంట్లో కారు ఊసెత్తితే చాలు, లేచి వెళ్లిపోయేది.

చిక్కేమిటంటే, మా నాన్న టాక్సీ ఆ కారే. నాన్న ఆవిడ సొంత తమ్ముడు. ఆయన స్టాండులో అలాంటివి ముప్పై ఎనిమిది మిగిలాయి. ఆ ఏడాది కొత్త రూలు వచ్చింది. నెలాఖరులోగా పాత కార్లన్నీ తనిఖీలో నెగ్గాలి, లేకపోతే తుక్కుకు పోవాలి. ఇంజన్లకు ఢోకా లేదు. టాక్సీ ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ వాడేది ఎడమ వెనక డోరు కాబట్టి, ముప్పై ఎనిమిదింటికీ అదే తుప్పుపట్టి కింద రాలిపోయింది. మూతపడ్డ ఫ్యాక్టరీలో డోరు రేకులు ఒత్తే అచ్చులను ఎవరో విడిభాగాల కంపెనీవాళ్లు కొనుక్కుని కొత్త డోర్లు చేస్తున్నారని తెలిసి, అందరూ కలిసి తెప్పించారు, కొందరైతే కుడి వెనకవి కూడా.

ఎడమవి ఒక్కటీ పడలేదు. పైన సరిగ్గా ఉంటే కింది మూల బయటికి పొడుచుకొచ్చేది. గ్యారేజీవాళ్లు బందులు అరగదీశారు, సుత్తులతో బాదారు. నాన్నకు తల ప్రాణం తోకకొచ్చింది. కంపెనీకి ఉత్తరం రాస్తే జవాబొచ్చింది: డోర్లు అచ్చుకు సరిగ్గానే ఉన్నాయి, ఆ కార్ల బాడీలే మొదటినుంచీ వంకర, మా ఇంజనీరును పంపుతాం చూపించుకోండి.

ఈ సంగతి వాళ్లక్క చెవిన పడనీయొద్దని నాన్న నాతో ఒట్టు వేయించుకున్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఆయనకు తెలియనట్టు! ఆ సాయంత్రమే అత్తకు చెప్పేశాను. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, “ఏ డోరు?” అంది.

“ఎడమ వెనకది.”

“కుడిది పడుతోందా?”

“కుడిదానికి ఏ గొడవా లేదట.”

అత్త ముఖంలో నేను అంతవరకూ చూడని రంగు వచ్చింది. నవ్వో ఏడుపో తేల్చుకోలేకపోయాను. లేచి వంటింటికి వెళ్లి, తలుపు కిందనుంచి చెక్కను లాగి, చెంగుతో దుమ్ము తుడిచింది. తలుపు దానంతటదే మూసుకుంది.

మర్నాడు అత్తతో స్టాండుకి వెళ్లేసరికి ఇంజనీరు అక్కడే ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి, తెల్లచొక్కా, చేతిలో కొలతల పెట్టె. డ్రైవర్లు మీద పడి అరుస్తుంటే, “బాడీలు వంకరయితే మేమేం చేస్తాం?” అని ఒకటే పాట పాడుతున్నాడు.

“బాబూ, కొత్త డోర్లు రెండు, కుడిదొకటి ఎడమదొకటి, ఆ సిమెంటు అరుగు మీద పడుకోబెట్టించు” అంది అత్త.

“మీరెవరమ్మా?”

“ముందు పడుకోబెట్టించు. నేనెవరో ఆ డోరే చెబుతుంది.”

కుడి డోరును వేలితో నొక్కింది. అది కదల్లేదు. ఎడమదాన్ని నొక్కింది. కుంటి బల్లలా టకటకమంటూ ఊగింది. ఇంజనీరు తనే వంగి నొక్కాడు. మళ్లీ ఊగింది. ఆయన ముఖం మాడిపోయింది. డ్రైవర్లు ఈలలు వేశారు.

అప్పుడు అత్త అసలు గుట్టు విప్పింది. ఫ్యాక్టరీ పెట్టిన మొదటి ఏడాదే, దించుతుండగా ఎడమ డోరు అచ్చు క్రేను నుంచి జారి పడింది. అప్పటినుంచి అందులో ఒత్తిన ప్రతి ఎడమ వెనక డోరూ మెలితిరిగే వచ్చేది. కొత్త అచ్చు వచ్చేదాకా ఎలాగోలా నెట్టుకురండి అన్నాడు అప్పటి ఫోర్‌మన్. కొత్త అచ్చు రాలేదు, ఫోర్‌మన్ రిటైరైపోయాడు. డోర్ల సెక్షన్‌లో పదకొండు మంది ప్రతి డోరునూ చెక్కతో, మోకాలితో సరిచేసి పంపారు. ఎంత బాగా సరిచేశారంటే, పై ఆఫీసులో ఎవరికీ అచ్చు చెడిందన్న అనుమానమే రాలేదు.

“ఒక్క కాగితం మీదయినా రాసి ఉండాల్సింది కదమ్మా” అన్నాడు ఇంజనీరు.

అత్త చేతిలోని చెక్క మీది తోలును బొటనవేలితో రుద్దింది.

“ఎందుకు రాస్తాం బాబూ? చేతనైంది కదా, చేసేశాం. అదే మా గొప్ప అనుకున్నాం. ఒక్కో డోరుకి పదిహేను నిమిషాలు మేమే మింగేశాం. ఆ పదిహేను నిమిషాలే చదివి మమ్మల్ని ఇంటికి పంపారు. చెప్పుంటే ఫ్యాక్టరీ నిలబడేదో లేదో నాకు తెలీదు. చెప్పకపోవడం మాత్రం తప్పే.”

ఎనిమిదేళ్లుగా ఆవిడ కోపం మేనేజరు మీద కాదని నాకు అప్పుడు తెలిసింది.

“సరేలే, ఏడుపులు తర్వాత” అంది అత్తే. “ఒరేయ్ తమ్ముడూ, నీ బండి ముందుకు తియ్.”

డోరు బందులకు తగిలించి, పై మూలలో చెక్క అడ్డం పెట్టి, డోరును దగ్గరకు లాగి, పావుగంటసేపు చెక్కను అటూ ఇటూ జరుపుతూ సందు చూసుకుని, కింది మూలకు మోకాలు ఆనించింది. రెండు గట్టి నొక్కులు, ఒక చిన్న నొక్కు. రేకు కిర్రుమంది. చెక్క తీసి రెండు వేళ్లతో డోరు తోసింది. థప్! అంతే. చుట్టూ సందు ఒకేలా, గీత గీసినట్టు ఉంది. నాన్న గుడ్లప్పగించి చూశాడు. ఇంజనీరు గేజీ పెట్టి నాలుగు చోట్ల కొలిచి, కొలతల పెట్టె మూసేశాడు.

మిగిలినవి ముప్పై ఏడు, గడువు మూడు రోజులు. ఆవిడకా యాభై ఎనిమిదేళ్లు. నాలుగో కారుకే మోకాలు బూరెలా వాచింది. నాన్న వద్దని మొత్తుకుంటే, “నోర్ముయ్, నేనొక్కదాన్నే చేస్తానన్నానా? ఈసారి దాచుకునేది లేదు” అంది. స్టూలు వేయించుకుని కూర్చుని, ఏ డ్రైవరు కారుకు ఆ డ్రైవరు చేతే చేయించింది. “నీ మోకాలేమన్నా అద్దెకు తెచ్చుకున్నావా, ఆనించవేం?” అని ఒకణ్ణి, “డోరు నొక్కమన్నాను, కౌగిలించుకోమనలేదు” అని ఇంకొకణ్ణి కసిరింది. తెల్లచొక్కా ఇంజనీరు కూడా తొమ్మిది డోర్లు నొక్కాడు. మూడో రోజుకు ఆయన ప్యాంటు మోకాలి దగ్గర నల్లబడింది. పనితీరంతా బొమ్మలతో సహా ఆయన చేతే రాయించింది అత్త. అచ్చుకున్న మెలిక తీయించి కానీ ఇంకో డోరు ఒత్తనని ఆయన దగ్గర మాట కూడా తీసుకుంది.

తనిఖీ రోజున ముప్పై ఎనిమిది కార్లూ బారుగా నిలబడ్డాయి. అధికారి ఒక్కో కారు దగ్గరికీ వచ్చి దీపాలు, బ్రేకులు చూసి, చివర్లో ఎడమ వెనక డోరు తెరిచి మూసేవాడు. థప్. కాగితం మీద ముద్ర. థప్. ముద్ర. గోడ పక్కన నిలబడ్డ అత్త కళ్లు మూసుకుని చెవులతోనే లెక్కపెట్టింది. ముప్పై ఏడు అయ్యేసరికి అధికారికే అనుమానమొచ్చినట్టుంది, నాన్న కారు డోరును మూడుసార్లు తెరిచి మూశాడు.

“కొత్త కార్లలో కూడా డోర్లు ఇలా పడవే! ఎవరు బిగించారు?”

ముప్పై ఎనిమిది మంది ఒక్కసారిగా గోడవైపు చెయ్యి చాపారు. డోర్లత్తా అని ఎవడో అరిచాడు, మిగతావాళ్లు అందుకున్నారు. వెక్కిరింపు లేదు, జాలి లేదు. నేనైతే గొంతు పోయేదాకా అరిచాను.

కుంటుకుంటూ వచ్చిన అక్క కోసం నాన్న ఎడమ వెనక డోరు తెరిచి పట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్లూ ఆవిడ ఆ డోరును బయటనుంచే మూసింది, లోపల ఎన్నడూ కూర్చోలేదు. సీటులో సర్దుకుని కూర్చుంది. నాన్న డోరు వేయబోయాడు.

“చెయ్యి తియ్యరా” అంది అత్త. “ఇది నేను వేస్తాను.”