ప్రోకోపీ తాత చూసిన మూడు తుపాకులు

ఏ వస్తువునైనా వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి, ఇటునుంచి అటు చూడనిదే ప్రోకోపీ తాత నమ్మడు. చూశాక చెప్పేది ఒకటే మాట: "వంకర."

కొట్లో మాకరోనీ కొంటే ఒక్కో గొట్టాన్నీ కిటికీకేసి పెట్టి చూసేవాడు. ఈలోగా వెనకున్నవాళ్ళు ఇంటికెళ్ళి టీ తాగి తిరిగొచ్చేవాళ్ళు. మా చెల్లెలి పెళ్ళిలో వరుడు ఉంగరం తీస్తే మధ్యలో అందుకుని, అందులోంచి పెళ్ళికూతుర్ని చూసి, "ఉంగరం వంకర, పిల్ల ఫరవాలేదు" అన్నాడు. మా లేనా నది ఒడ్డున అంతకు మించిన దీవెన ఎవరికీ దక్కలేదు.

అలాంటి మనిషి చేతిలో నా బతుకు పెట్టాల్సొచ్చింది. ఇరవై రెండేళ్ళు ఊరి బాయిలర్ ఇంట్లో వెల్డింగు చేశాను. ఆ వేసవిలో అది మూసేశారు. అదృష్టం కొద్దీ అడవిలో మా మేనమామ వేటాడే వాటా నాకు వచ్చింది. వేట మొదలయ్యే రోజున వేటగాళ్ళ సంఘం పెరట్లో సొంత తుపాకీతో నిలబడాలి, లేకపోతే అడవి పక్కవాడికి పోతుంది. పక్కవాడు యెఫీమ్ అప్పటికే అడవిలోని నా గుడిసెకు తాళం కప్ప చూసుకుంటున్నాడు.

నేను జన్మలో తుపాకీ కొన్నవాణ్ణి కాదు. మా ఊళ్ళో ప్రోకోపీ తాత చూడని తుపాకీని ఎవరూ అడవికి తీసుకెళ్ళరు. అగాఫ్యా అక్క కొట్లో ఒంటితూటా తుపాకులు మూడే ఉన్నాయి. నది గడ్డకట్టి దాని మీద లారీలు నడిస్తే గాని కొత్త సరుకు రాదు. నది గడ్డకట్టేసరికి వేట మొదలై నెల దాటుతుంది.

మొదటిదాన్ని తాత చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. కీలు సందులో సిగరెట్ కాయితం పెట్టి మూసి లాగాడు. కాయితం రాలేదు, కీలు అంత బిగువుగా ఉంది. నాకు ఆశ పుట్టింది. తుపాకీని కీలు దగ్గర మడిచి తెరిచి, గొట్టం కొసను కిటికీకేసి తిప్పి నా చేతికిచ్చాడు.

"లోపల మెలితిరిగిన గాడులుంటాయి. లెక్కపెట్టు."

ఎడమ కన్ను మూసి చూశాను. "నాలుగు."

తాత నా మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత తుపాకీ లాక్కుని, "వంకర" అన్నాడు.

"ఆరుంటాయి తాతా, కాయితంలో రాసుంది," అంది అగాఫ్యా అక్క.

"కాయితం వెళ్ళి ఉడతను కొడుతుందా?" అని తాత దాన్ని పెట్టెలో పడుకోబెట్టేశాడు. పొయ్యి దగ్గర చలి కాచుకుంటున్న సంఘం పెద్ద నికోన్ పెద్దగా నవ్వాడు.

మర్నాడు రెండోది. అందులో నాకు మూడే కనిపించాయి. అదీ వంకరే. మూడోనాడు మూడోది. అందులో పాలు పోసినట్టుంది తప్ప గాడులే లేవు. ఉన్నమాట చెప్పాను. తాత నిట్టూర్చి, ఇంత వంకర తన ఆయుష్షులో చూడలేదన్నాడు. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను, ఏదో ఒకటి ఒప్పుకోమన్నాను. ఆయన తుపాకీ చేసినవాణ్ణి, చేయించినవాణ్ణి, తూటాలమ్మేవాణ్ణి తిడుతూ వెళ్ళిపోయాడు. నికోన్ జాలిగా, "మరి యెఫీమ్ పేరు రాసేస్తా గవ్రీల్," అన్నాడు.

వేట మొదలవడానికి మిగిలిన ఆ నాలుగు రోజులు నేను మనిషిని కాను. వండిన చేప ముందు పెట్టుకుని, పిల్లలకు ఈ చలికాలం ఏం పెడతానా అని ఏడ్చాను. బాయిలర్ పోయింది, అడవి పోతోంది, నాకు ఇంకే పనీ రాదు. ఒక ముసలాడి ఒంటికన్ను పిచ్చి నా ఇల్లు ముంచిందని ఊరంతా చెప్పుకున్నాను.

వేట మొదలయ్యే పొద్దున అడవి కాయితం తిరిగిచ్చేయడానికి బయల్దేరి, ముందు ఆయన్ని నాలుగు తిట్టి పోదామని తాత ఇంటికి వెళ్ళాను. నేలంతా చెక్క పొట్టు. ఒళ్ళో ఆ మూడో తుపాకీ. భుజానికి ఆనించే చెక్క మడమను ఒక పక్కంతా చిత్రిక పట్టి, గాజు ముక్కతో గీకి నున్నగా చేస్తున్నాడు. నా తిట్లన్నీ శ్రద్ధగా విని, తుపాకీ మడిచి తెరిచి చేతికిచ్చాడు.

"ఈసారి కుడి కన్ను మూసి చూడు."

చూశాను. ఆరు గాడులు, ఒకదాని వెంట ఒకటి, గాజు పెంకుల్లా మెరుస్తున్నాయి.

"ఇప్పుడు ఎడమ కన్ను మూసి నన్ను చూడు."

చూశాను. తాత ఉన్నచోట పొగమంచు ఉంది. ఇరవై రెండేళ్ళ వెల్డింగు నిప్పు నా కుడి కన్ను ఎప్పుడు తినేసిందో నాకే తెలియదు.

"మొదటి రోజే తెలిసింది నాకు," అన్నాడు తాత. "పొయ్యి దగ్గర నికోన్ కూర్చున్నాడు. గుడ్డోడికి అడవి ఇస్తాడా? అందుకని తుపాకుల్ని తిట్టాను. అవి ఏమీ అనుకోవు."

"మరి నాకైనా చెప్పొచ్చుగా తాతా?"

"చెబితే కొట్లోనే కన్ను నులుముకునేవాడివి. నీ మొహంలో ఏదీ దాగదురా."

అగాఫ్యా అక్క ముందే దాన్ని కొట్టు పద్దులో నా పేర రాసిందట. ఎడమ భుజానికి ఆనించాను, నాకోసమే పుట్టినట్టు ఒదిగింది. పెరటి చివర కర్రకు గుచ్చిన బెరడు ముక్కను మొదటి తూటాకే కొట్టాను. నేను ఆయన్ని కావిలించుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఆలస్యమవుతోందన్నాడు.

సంఘం పెరట్లో నికోన్ తుపాకీని అటూ ఇటూ తిప్పాడు. యెఫీమ్ మెడ సాగదీశాడు.

"ఇది నువ్వు వద్దన్నదే కదా తాతా. ఇప్పుడు బాగుపడిందా?"

ప్రోకోపీ తాత దాన్ని అందుకుని, వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి, ఇటునుంచి అటు చూశాడు.

"వంకరే," అన్నాడు. "వీడికి సరిపోయేంత వంకర."

నికోన్ నా పేరు రాసుకున్నాడు.